తెలుగు మీమ్‌ల సైటు నిలబడాలంటే: పంపేవారి వైపు నుంచి ఆలోచించండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు ముగ్గురు మిత్రులు కలిసి ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక తెలుగు మీమ్ పేజీ నడుపుతున్నారు, దానికి మంచి ఆదరణ వచ్చింది. ఇప్పుడు ఎవరైనా తమ మీమ్ పంపగలిగే, చూసినవారు ఓట్లు వేసి పైకి తేగలిగే వెబ్‌సైటును 9గ్యాగ్ తరహాలో తెలుగువారి కోసం పెట్టాలనుకుంటున్నారు. ఇది ఈ రోజుల్లో నిలబడే పనేనా, మొదలుపెట్టే ముందు ఏయే విషయాలు తేల్చుకోవాలి అని అడిగారు. నేను చాలా ఏళ్లుగా ఇలాంటి సమూహాలకు మోడరేటరుగా, అంటే వచ్చిన పోస్టుల్ని చూసి నియమాలు పాటింపజేసేవాడిగా, ఉన్నాను, కొంతకాలం ఒక చిత్రాల సైటు సాంకేతిక బాధ్యత కూడా చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నిలబడుతుంది. అయితే చూసేవారి కోసం కాక, పంపేవారి కోసం కడితేనే నిలబడుతుంది. నవ్వుకోవడానికి మాత్రమే వచ్చేవారికి ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ చాలు, వారిని అక్కడి నుంచి కదిలించడం మీ వల్ల కాదు. కానీ ఆ రెండూ చేయలేని పనులు కొన్ని ఉన్నాయి. నిరుడు చూసిన మీమ్‌ను మళ్లీ వెతికి పట్టుకోవడం, దాన్ని మొదట చేసినదెవరో తెలుసుకోవడం, ఏది పైకి రావాలన్న విషయంలో తన మాటకూ విలువ ఉండడం. ఈ మూడింటి కోసం తపించేవారు మీమ్‌లు చేసేవారు, అంటే మీమర్లే. వాళ్లు మీ దగ్గర ఉంటే చూసేవారు వెనకాలే వస్తారు.

ఏది పైకి రావాలో ఎవరు నిర్ణయించాలన్నది ఈ రంగంలో అన్నిటికంటే పాత ప్రశ్న. వెబ్ పుట్టకముందే, 1987లో, బ్రాడ్ టెంపుల్టన్ అనే కెనడా ప్రోగ్రామరు, కంప్యూటర్ల మధ్య చర్చలు సాగే యూజ్‌నెట్‌లో ‘రెక్.హ్యూమర్.ఫన్నీ’ అనే విభాగాన్ని ప్రారంభించాడు. ఎవరు పడితే వారు జోకులు రాసుకునే విభాగం అక్కడ అప్పటికే ఒకటుంది. దానికి భిన్నంగా, మన వారపత్రికల్లో పాఠకుల జోకుల్ని సంపాదకుడు ఏరి వేసినట్టుగా, పంపినవాటిలో నుంచి తానే ఏరి వేయాలని ఆయన నిశ్చయించుకున్నాడు. మరుసటి ఏడాది ఒక జాతికి సంబంధించిన జోకు మీద ఫిర్యాదు వచ్చి, వాటర్లూ విశ్వవిద్యాలయం తన కంప్యూటర్లలో ఆ విభాగాన్ని నిలిపివేసింది. ఏరేవాడు ఒక్కడే అయితే నాణ్యత నిలుస్తుంది, కానీ అభిరుచీ ఒక్కడిదే అవుతుంది, నిందా ఒక్కడి మీదే పడుతుంది.

2003లో క్రిస్టఫర్ పూల్ ప్రారంభించిన 4చాన్ అనే బొమ్మల చర్చా సైటు దీనికి పూర్తిగా రెండో కొస. అక్కడ పేర్లు లేవు, ఓట్లు లేవు, కొత్త చర్చలు వచ్చేకొద్దీ పాతవి చెరిగిపోతాయి. పిల్లి బొమ్మల మీద తప్పుల ఇంగ్లిషులో వ్యాఖ్యలు రాసే లోల్‌క్యాట్‌లు పెరిగింది అక్కడే. కానీ వాటితో జనంలోకి వెళ్లిన సైటు వేరు. 2007 జనవరిలో హవాయిలో ఎరిక్ నకగావా, కారి ఉనెబసామి కలిసి ‘ఐ కెన్ హ్యాజ్ చీజ్‌బర్గర్’ మొదలుపెట్టారు, ఆ ఏడాదిలోనే బెన్ హు దాన్ని కొన్నాడు. ఆ సైటులో నాకు అన్నిటికంటే ముఖ్యమైనదిగా కనిపించేది బొమ్మ ఎంచుకుని, దాని మీద మాటలు టైపు చేసి, అక్కడికక్కడే పంపేసే పనిముట్టు. ఫోటోషాప్ రానివారు కూడా దానితో మీమర్లయ్యారు. పాఠకుల ఓట్లు ఒకవైపు, మొదటి పేజీకి ఏది వెళ్లాలో చూసే సంపాదకులు మరోవైపు. 2008లో హాంకాంగ్‌లో రే చాన్ బృందం ప్రారంభించిన 9గ్యాగ్ ఓట్ల మీద ఎక్కువ ఆధారపడింది. తాజావి, ఊపందుకున్నవి, వేడి మీదున్నవి అని మెట్లు పెట్టి, కింది మెట్టులో ఓట్లు పడ్డవాటిని పై మెట్టుకు ఎక్కించింది.

మీరు చీజ్‌బర్గర్ పద్ధతికి దగ్గరగా ఉండాలని నా సలహా. ఓట్లు ఉండాలి, కానీ ఓట్లు వడపోసినదాన్ని మనుషులు మరోసారి చూడాలి. ఓట్లను మాత్రమే నమ్ముకుంటే ఏమవుతుందో లెక్కతో సహా చెప్పడం మంచిది, ఎందుకంటే కొత్తగా సైటు పెట్టేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

సభ్యుల ఓట్లతో పోస్టులు పైకి వచ్చే చర్చల సైటు రెడిట్ తన మూలకోడ్‌ను బహిరంగంగా ఉంచిన రోజుల్లో దాని ‘హాట్’ జాబితా సూత్రాన్ని ఎవరైనా చదవగలిగేవారు. పోస్టుకు వచ్చిన అనుకూల ఓట్లలో నుంచి ప్రతికూల ఓట్లు తీసేసి, మిగిలిన సంఖ్యకు 10 ఆధారంగా లాగరిథమ్ తీసుకునేవారు. పోస్టు పెట్టిన సమయాన్ని సెకన్లలో తీసుకుని 45,000తో భాగించి దానికి కలిపేవారు. 45,000 సెకన్లంటే పన్నెండున్నర గంటలు. అంటే 10 ఓట్లున్న పోస్టుకూ 100 ఓట్లున్న పోస్టుకూ మధ్య తేడా పన్నెండున్నర గంటల తాజాదనంతో సమానం, 100కూ 1,000కీ మధ్య తేడా కూడా అంతే. మొదటి 10 ఓట్ల బరువు తర్వాతి 90 ఓట్లకు సమానం, ఆ తర్వాతి 900 ఓట్లకూ సమానం. కాబట్టి ఒక మీమ్ తలరాతను లక్షలమంది చూసేవారు కాక, ‘కొత్తవి’ పేజీని తెరిచే గుప్పెడుమంది మొదటి అరగంటలో రాసేస్తారు. ఇంతకుముందున్న రూపంలో ఆ సూత్రం మరీ కఠినంగా ఉండేది. నికర ఓట్లు సున్నా కంటే కిందికి పడితే ఆ పోస్టు జాబితా అడుగుకు పోయేది. కొత్త పోస్టు మీద ఇద్దరు కలిసి ప్రతికూల ఓటు వేస్తే చాలు.

ఇది మన దగ్గర ఎలా పనిచేస్తుందో ఊహించుకోండి. పెద్ద హీరో సినిమా విడుదలైన రోజు అతని మీద ఒక మీమ్ వచ్చిందనుకుందాం. అభిమానులు ఎప్పుడూ ఆన్‌లైన్‌లోనే ఉంటారు, మొదటి ఐదు నిమిషాల్లోనే వచ్చి దాన్ని పాతేస్తారు. అవతలి హీరో అభిమానులు తమ వంతు వచ్చినప్పుడు అదే పని చేస్తారు. మధ్యలో, ఏ హీరోకూ సంబంధం లేకుండా, ఆర్టీసీ బస్సు గురించో హాస్టల్ మెస్సు గురించో హాయిగా నవ్వించే మీమ్ చేసినవాడికి మూడు ఓట్లు కూడా పడవు. వేళ ప్రభావం కూడా తక్కువేమీ కాదు. హైదరాబాదులో రాత్రి 11 దాటాక పడిన పోస్టుల్ని మొదట చూసేది డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువారు. వీసా మీద, డేకేర్ ఫీజుల మీద చేసినవి ఆ వేళ పైకి వస్తాయి, ట్రాఫిక్ మీద చేసినవి మునిగిపోతాయి. మీమ్ బాగోగులకు దీనితో ఏ సంబంధమూ లేదు.

మొదటి ఓటు తర్వాతి ఓట్లను లాగుతుందన్నది అనుమానం కాదు, ప్రయోగంలో తేలిన విషయం. లెవ్ ముచ్నిక్, సినాన్ అరల్, షాన్ టేలర్ 2013లో ప్రచురించిన పరిశోధనలో, ఒక వార్తల సైటులో లక్షకు పైగా వ్యాఖ్యలను తీసుకుని, ఎంపిక చేయకుండా కొన్నింటికి ఒక్క అనుకూల ఓటు ముందే వేసి వదిలారు. ఆ వ్యాఖ్యల తుది మార్కు సగటున 25 శాతం పెరిగింది. ఒక్క ఓటుకే అంత.

కాబట్టి నేను చేయమనేది ఇది. మొదటి ఏడాది ప్రతికూల ఓటు పెట్టకండి, దాని బదులు ‘నియమాలకు విరుద్ధం’ అని తెలియజేసే బొత్తం చాలు. పోస్టు పడిన మొదటి రెండు మూడు గంటలు ఓట్ల సంఖ్య ఎవరికీ కనపడనీయకండి. ‘కొత్తవి’ పేజీలో వరుసక్రమాన్ని ప్రతి చదువరికీ వేర్వేరుగా మార్చి చూపించండి, అప్పుడు ప్రతి మీమ్ కనీసం ఒక యాభై మంది కంట్లోనైనా పడుతుంది. ఎన్ని ఓట్లు పడ్డాయన్నది కాదు, ఎంతమంది చూస్తే ఎందరికి నచ్చిందన్న నిష్పత్తితో లెక్క కట్టండి. ముగ్గురు చూసి ముగ్గురికీ నచ్చినది, వందమంది చూసి ఎనభైమందికి నచ్చినదాని కంటే గొప్పదని తేల్చలేం కదా. తక్కువమంది చూసినవాటి నిష్పత్తిని తగ్గించి లెక్కవేసే విల్సన్ అంతరం అనే గణాంక సూత్రం ఈ చిక్కును తీరుస్తుంది. రెడిట్ 2009లో వ్యాఖ్యల వరుసకు దాన్నే తీసుకుంది, కోడ్‌లో పది పంక్తులకు మించదు. ఇక చివరగా, రోజూ మొదటి పేజీలో కొన్ని స్థానాలు కొత్తగా పంపినవారికే కేటాయించి, వాటిని మీ ముగ్గురిలో ఒకరు చేత్తో ఏరండి. తొలి మీమ్‌కు సున్నా ఓట్లు చూసినవాడు రెండోది పంపడు. తొలి మీమ్ మొదటి పేజీకెక్కినవాడు ఏళ్ల తరబడి పంపుతూనే ఉంటాడు. ఇది నేను మళ్లీ మళ్లీ చూసిన విషయం.

ఓట్లను కొనేవారు, దొంగ ఖాతాలతో వేసేవారు కూడా వస్తారు, అయితే అందరికంటే ప్రమాదకరం లోపలివారే. 2013 జూన్‌లో క్విక్‌మీమ్ అనే సైటును రెడిట్ మొత్తంగా నిషేధించింది. జంతువుల బొమ్మల మీద సలహాలు రాసే మీమ్‌ల విభాగంలో క్విక్‌మీమ్ లంకెలకు ఓట్లు పెంచడం, పోటీ సైట్ల లంకెల్ని తొక్కేయడం జరుగుతోందని సభ్యులు ఆధారాలతో బయటపెట్టారు. ఆ విభాగం మోడరేటర్లలో ఒకరికి ఆ సైటుతో సంబంధం ఉందని తేలింది. మీ మోడరేటర్లలో సినిమా ప్రచారంతోనో, మరో మీమ్ పేజీతోనో సంబంధం ఉన్నవారు తప్పకుండా ఉంటారు, మన పరిశ్రమ చిన్నది. వారిని దూరం పెట్టనవసరం లేదు. కానీ ఆ సంబంధాన్ని వారి ఖాతా పేజీలో అందరికీ కనపడేలా రాయించండి.

ఇప్పుడు మీమ్ తయారు చేసే పనిముట్టు సంగతి. తెలుగు సైటుకు ఇది ప్రాణం, దీన్ని ఎవరూ శ్రద్ధగా చేయలేదన్నది నా బాధ. ఇంగ్లిషు మీమ్‌ల ఇంపాక్ట్ ఫాంటులో తెలుగు అక్షరాలే లేవు. అంతకంటే పెద్ద చిక్కు ఒత్తులది. సర్వరు మీద బొమ్మ తయారు చేయడానికి చాలామంది వాడే పిల్లో లైబ్రరీని మామూలుగా వాడితే సంయుక్తాక్షరాలు విడిపోతాయి. ‘లక్ష్మి’ అని టైపు చేస్తే ష, మ ఒత్తులుగా కిందికి దిగవు, పొల్లు గుర్తులతో విడివిడిగా పడతాయి. దానికి రాకమ్ అనే అదనపు అంగాన్ని జోడించాలి. లేదా బొమ్మను బ్రౌజరులోనే తయారు చేయించాలి. బ్రౌజర్లు తెలుగును సరిగానే పేరుస్తాయి కాబట్టి నేను రెండోదాన్నే ఇష్టపడతాను.

అక్షరాలు సరిగ్గా పేర్చాక కూడా పని మిగులుతుంది. ఇంగ్లిషు మీమ్‌లలో తెల్లని అక్షరం చుట్టూ మందమైన నల్లని గీత ఉంటుంది. అదే గీతను తెలుగుకు వేస్తే ఒత్తుల లోపలి చిన్న ఖాళీలు పూడుకుపోయి నల్లటి మరక మిగులుతుంది. ఫోనులో చూస్తే ‘ద్ద’ ఏదో ‘ద్ధ’ ఏదో పోల్చుకోలేం. గీత పలచగా వేసి, అక్షరాల వెనక సగం పారదర్శకంగా ఉండే నల్ల పట్టీ వేస్తే స్పష్టంగా కనిపిస్తుంది. పంక్తుల మధ్య ఎడం కూడా ఇంగ్లిషుకు వాడేదాని కంటే బాగా పెంచాలి. పై పంక్తిలో ‘రాష్ట్రం’ ఉండి, దాని కింద గుడిదీర్ఘమున్న అక్షరం పడితే రెండూ ఒకదానిమీదొకటి ఎక్కేస్తాయి. ఫాంటులకు కొరత లేదు. సిలికానాంధ్ర కృషితో వచ్చి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే రామభద్ర, మండలి, ఎన్టీఆర్ వంటివి ఉన్నాయి. శీర్షికలకు రామభద్ర మందం బాగుంటుంది. పొడుగైన తెలుగు మాట పంక్తి చివర సగానికి విరిగిపోకుండా, అవసరమైతే అక్షరాల సైజు తగ్గేలా చేయండి. ఇవన్నీ చక్కగా చేసిన పనిముట్టు మీ దగ్గర ఉంటే, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకునేవారు కూడా మీమ్ తయారీకి మీ దగ్గరికే వస్తారు.

పంపినవారి పేరు నిలపడం గురించి కొంత చరిత్ర చెప్పాలి, ఎందుకంటే ఈ రంగంలో పెద్ద గొడవలన్నీ దాని చుట్టూనే జరిగాయి. 2006లో ఈబామ్స్ వరల్డ్ అనే సైటు, వైటీఎమ్‌ఎన్‌డీ అనే మరో సైటు సభ్యులు చేసిన బొమ్మను తన ముద్రతో ప్రచురించడంతో ఆ సభ్యులు భగ్గుమన్నారు. 2011లో ‘ది ఓట్‌మీల్’ కార్టూనిస్టు మాథ్యూ ఇన్మన్, ఫన్నీజంక్ సైటులో తన కార్టూన్లు పేరు లేకుండా తిరుగుతున్నాయని బహిరంగంగా రాశాడు. మరుసటి ఏడాది ఆ సైటు తరఫు న్యాయవాది ఇన్మన్ మీదే పరువునష్టం ఆరోపణ చేసి 20,000 డాలర్లు కట్టమని లేఖ పంపాడు. ఇన్మన్ అంతే మొత్తాన్ని సేవాసంస్థల కోసం విరాళంగా అడిగితే జనం 2 లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. 2019లో, ఇతరుల జోకుల్ని ఇన్‌స్టాగ్రామ్‌లో వేసుకునే జెర్రీ మీడియా అనే సంస్థ మీద హాస్యరచయితలు, కళాకారులు ఉద్యమంలా కదిలి, దాని ఇన్‌స్టాగ్రామ్ ఖాతాను వదిలేయమని పిలుపునిచ్చాక, ఇకమీదట ముందుగా అనుమతి తీసుకునే వేస్తామని ఆ సంస్థ వ్యవస్థాపకుడు ప్రకటించవలసి వచ్చింది.

మన తెలుగు పేజీల్లో పరిస్థితి వేరుగా లేదు. ఒక పేజీ లోగో మీద ఇంకో పేజీ లోగో, దాని మీద మూడో పేజీ లోగో అతికించిన మీమ్‌లు మీరూ చూసే ఉంటారు, అసలు చేసిన కుర్రవాడి పేరు అడుగున ఎక్కడో సమాధి అయిపోయి ఉంటుంది. మీ సైటు ఇందుకు పూర్తిగా భిన్నంగా ఉండాలి. బొమ్మ మీద మీ లోగో అసలు వేయకండి. వేయాలంటే చేసినవారి పేరే, మూలన చిన్నగా వేయండి. పంపేటప్పుడు ‘నేనే చేశాను’, ‘వేరేచోట చూశాను’ అని రెండు గడులు పెట్టి, రెండోది ఎంచుకున్నవారిని ఎక్కడ చూశారో రాయమనండి. అసలు చేసినవారు వచ్చి చెబితే పేరు మార్చే వీలుండాలి. అలా మార్చినప్పుడు అప్పటిదాకా వచ్చిన ఓట్లూ వ్యాఖ్యలూ ఆయన ఖాతాకే చేరాలి. పోస్టును తీసేస్తే ఆయనకు దక్కేది ఏమీ లేదు, పేరు మారిస్తే ఆయన మీ సైటులో సభ్యుడవుతాడు.

ఒకే మీమ్ పదిసార్లు రాకుండా ఆపడానికి బొమ్మల వేలిముద్రలు పోల్చే పద్ధతి వాడతారు. డీహ్యాష్ అనే రకంలో బొమ్మను రంగు తీసేసి 9 అడ్డం 8 నిలువు చుక్కలకు కుదించి, పక్కపక్క చుక్కల్లో ఏది వెలుగ్గా ఉందో పోల్చి, 64 బిట్‌ల సంఖ్య ఒకటి తయారు చేస్తారు. రెండు సంఖ్యల మధ్య కొద్ది బిట్‌లే తేడా ఉంటే రెండూ ఒకే బొమ్మ అని భావిస్తారు. పెళ్లి ఫోటోలకైతే ఇది చక్కగా పనిచేస్తుంది, మీమ్‌లకు మాత్రం నేరుగా పనికిరాదు. బ్రహ్మానందం గారి ఒకే ముఖం మీద వందమంది వంద మాటలు రాస్తారు. అంత చిన్నగా కుదించాక మాటల తేడా మాయమై ముఖం ఒక్కటే మిగులుతుంది, కొత్తగా ఆలోచించి రాసినవారి మీమ్‌ను కూడా యంత్రం ‘ఇది పాతదే’ అని తోసేస్తుంది. అందుకని బొమ్మ కలిసినప్పుడు మీద రాసిన మాటల్నీ చదివించి పోల్చాలి. టెస్సరాక్ట్ అనే ఉచిత సాధనం తెలుగు అక్షరాల్నీ చదువుతుంది. మీ పనిముట్టులోనే తయారైన మీమ్‌కైతే ఆ మాటలు మీ దగ్గర ఎలాగూ ఉంటాయి. మనవారు సగం మీమ్‌లు ఇంగ్లిషు అక్షరాల తెలుగులో రాస్తారు కాబట్టి, ఒకే మాటను నాలుగు రకాలుగా రాసినా పట్టుకునే వెతుకులాట అవసరం. పైగా ఇలా పోల్చిన ఫలితాన్ని నిరాకరణకు కాకుండా వర్గీకరణకు వాడితే, ఒక్కో టెంప్లేట్‌కూ, అంటే మాటలు రాసే ఒక్కో మూల బొమ్మకూ, దాని మీద వచ్చిన మీమ్‌లన్నీ ఒకేచోట చేరి మీ సైటుకే ప్రత్యేకమైన సంపద అవుతుంది. 2008లో మొదలైన ‘నో యువర్ మీమ్’ సైటు ఇంగ్లిషు మీమ్‌లకు ఇలాంటి చరిత్ర రాస్తూ వచ్చింది, అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన వెబ్ భాండాగారంలో ఆ సైటును భద్రపరుస్తోంది. తెలుగు మీమ్‌లకు అలాంటి చోటు ఉండి తీరాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

మోడరేషన్‌లో బూతు తేలికైన సమస్య, కులం కష్టమైన సమస్య. ఇంటిపేరుతో, ఊరిపేరుతో, యాసతో కులాన్నీ ప్రాంతాన్నీ ఎత్తిపొడిచే మీమ్‌ను యంత్రం పట్టుకోలేదు, బయటి రాష్ట్రపు మోడరేటరుకూ అర్థం కాదు. మీ మోడరేటర్లలో తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర, కోస్తా వారు అందరూ ఉండాలి, స్త్రీలు తప్పనిసరిగా ఉండాలి. ఒకరికి సరదాగా కనిపించినది మరొకరికి ఎక్కడ గుచ్చుకుంటుందో చెప్పగలిగేది వారే.

అంతకంటే గట్టిగా పట్టించుకోవలసినది మామూలు మనుషుల ముఖాలు. నటులు, రాజకీయ నాయకులు ప్రజా జీవితంలో ఉన్నవారు, వారి మీద హాస్యం వారికి కొత్త కాదు. కానీ సినిమా విడుదల రోజు థియేటరు బయట మైకు ముందు ఉత్సాహంగా నాలుగు మాటలు మాట్లాడిన ప్రేక్షకుడు, కాలేజీ ఉత్సవంలో పాడిన అమ్మాయి, సంతలో అమ్ముకునే పెద్దావిడ అలాంటివారు కారు. కెనడాలో ఒక బడిపిల్లవాడు 2002లో సరదాగా తీసుకున్న వీడియోను మరుసటి ఏడాది తోటివారు నెట్‌లో పెట్టేస్తే, కోట్లమంది చూసి నవ్వారు. ఆ పిల్లవాడు బడి మానవలసి వచ్చింది, కుటుంబం కోర్టుకెక్కవలసి వచ్చింది. ప్రజా జీవితంలో లేని మనిషి ముఖం అతని అనుమతి లేకుండా టెంప్లేట్ కాకూడదన్నది మీ మొదటి నియమంగా రాసుకోండి. ఆ మనిషి గానీ, వారి ఇంటివారు గానీ తీసేయమంటే కారణం అడగకుండా తీసేయండి. కృత్రిమ మేధతో ముఖాలు మార్చిన స్త్రీల చిత్రాల విషయంలో ఫిర్యాదు కోసం కూడా ఆగకూడదు.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన రాతల్ని నేరంగా చూసిన, సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది కాబట్టి ఇక ఏమి పెట్టినా ఫరవాలేదని కొందరు అనుకుంటారు. పరువునష్టం, అశ్లీలత, వర్గాల మధ్య ద్వేషం రేపడం వీటికి సంబంధించిన సెక్షన్లు అలాగే ఉన్నాయి. సభ్యులు పెట్టినదానికి సైటు బాధ్యత వహించనక్కర్లేకుండా 79వ సెక్షన్ ఇచ్చే రక్షణ కూడా షరతులతో కూడినదే. అదే చట్టం కింద వచ్చిన 2021 నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదించే వివరాలు సైటులో ప్రకటించాలి, వచ్చిన ఫిర్యాదును నిర్ణీత గడువులో పరిష్కరించాలి. ఆ గడువులు సవరణలతో మారుతూ వస్తున్నాయి కాబట్టి, మీరు ప్రారంభించేనాటికి అమల్లో ఉన్న నిబంధనలను ఒక న్యాయవాదితో చదివించుకోండి. సినిమా దృశ్యాల విషయంలో 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ విమర్శకూ సమీక్షకూ కొంత వెసులుబాటు ఇస్తుంది గానీ, పేరడీ అని పేరు పెట్టి విడిగా మినహాయింపు ఇవ్వలేదు. నిశ్చల చిత్రాలను నిర్మాతలు సాధారణంగా పట్టించుకోరు. ఆడుతున్న సినిమాలోని వీడియో ముక్కల్ని మాత్రం ఒక్కటి కూడా అనుమతించకండి. పిల్లల లైంగిక చిత్రాలను పసిగట్టే స్కానింగును మొదటి రోజు నుంచే పెట్టండి. క్లౌడ్‌ఫ్లేర్ తన వినియోగదారులకు దాన్ని 2019 నుంచి ఉచితంగా ఇస్తోంది.

ఖర్చు విషయంలో, బొమ్మలు దాచే ఇమ్గుర్ సైటు కథ తెలుసుకోవాలి. 2009లో ఒహాయో విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న అలన్ షాఫ్, రెడిట్ సభ్యులు బొమ్మలు తేలిగ్గా పెట్టుకోవడానికి దాన్ని తయారు చేశాడు. మొదట్లో విరాళాలతో నడిచింది, తర్వాత ప్రకటనలు వచ్చాయి, 2014లో 4 కోట్ల డాలర్ల పెట్టుబడి వచ్చింది. 2016లో రెడిట్ తానే బొమ్మలు భద్రపరచడం మొదలుపెట్టేసరికి, దాని మీద ఆధారపడి పెరిగిన ఇమ్గుర్‌కు ఆ రాకపోకలే తగ్గాయి. 2021లో మీడియాల్యాబ్ అనే సంస్థ కొనేసింది. 2023లో, ఖాతా లేకుండా పెట్టిన, ఎవరూ చూడని పాత బొమ్మల్ని తొలగిస్తామని ప్రకటించింది. పాత చర్చల్లో ఆ బొమ్మలకు ఇచ్చిన లంకెలకు గ్యారంటీ లేకుండా పోయింది. చీజ్‌బర్గర్ కూడా 2011లో 3 కోట్ల డాలర్లు తీసుకుని, 2013కల్లా ఉద్యోగుల్ని తొలగించవలసి వచ్చింది. ఇలాంటి సైటు నిదానంగా పెరగాలి గానీ, పెట్టుబడిదారుడికి కావలసిన వేగంతో పెరగలేదు. కదిలే బొమ్మల్ని జిఫ్ రూపంలో కాక ఎంపీ4గా మార్చి దాచండి, చాలా సందర్భాల్లో పరిమాణం పదో వంతుకు తగ్గుతుంది. మీ బిల్లులో పెద్ద భాగం అదే.

ఆదాయానికి మీ ముందుకు మొదట వచ్చేది సినిమా ప్రచారమే. తీసుకోవచ్చు. కానీ డబ్బు తీసుకున్న మీమ్ మీద ‘ప్రకటన’ అని తెలుగులో, స్పష్టంగా రాయాలి. ప్రకటనల ప్రమాణాల మండలి 2021 నుంచి సోషల్ మీడియాలో ప్రచారం చేసేవారికి పెట్టిన నియమం కూడా అదే. అలాంటి పోస్టు ఓట్ల జాబితాలో కలవకూడదు, దానికి ఓట్లే ఉండకూడదు. ఒక్కసారి కలిపితే, నిజంగా పైకి వచ్చిన మీమ్‌ను కూడా డబ్బిచ్చి ఎక్కించారనే అంటారు, ఆ మాట వినవలసి వచ్చేది పంపిన మీమరే.

ప్రారంభం గురించి. సైటును ఒకేసారి అందరికీ తెరవకండి. రెడిట్‌లో ‘నీ బొంద’ వంటి తెలుగు సమూహాల్లో, ఫేస్‌బుక్ గ్రూపుల్లో, మీ పేజీకి ఇన్‌బాక్సులో మీమ్‌లు పంపేవారిలో నిలకడగా మంచివి చేసే కొద్దిమందిని ఎంచుకుని, ముందు వారికి ఒక్కరొక్కరికే పిలుపు పంపండి. పనిముట్టు వాళ్ల చేతికిచ్చి ఏది ఇబ్బందిగా ఉందో అడిగి సరిచేయండి. రోజుకు మొదటి పేజీ నిండేన్ని కొత్త మీమ్‌లు వాళ్ల నుంచే వస్తున్నాయని రూఢి అయ్యాక మిగతావారికి తెరవండి. ఖాళీ పేజీ చూసి వెళ్లినవారు రెండోసారి రారు. మీ ఇన్‌స్టాగ్రామ్ పేజీని మూసేయకండి, సైటులో పైకి వచ్చినవాటిని చేసినవారి పేరుతో అక్కడ వేస్తూ లంకె ఇవ్వండి. ప్రతి సభ్యుడూ తాను పెట్టినవన్నీ, వచ్చిన ఓట్లతో, వ్యాఖ్యలతో సహా ఒకే ఫైలుగా దింపుకునే వీలును మొదటి రోజు నుంచే ఇవ్వండి. సైటు ఎప్పుడైనా ఆపవలసి వస్తే కనీసం ఆరు నెలల ముందు చెబుతామని నియమావళిలో రాయండి. మీమర్లు మిమ్మల్ని నమ్మి తమ పనిని మీ దగ్గర పెట్టాలంటే, ఈ రెండు హామీలూ రాతలో ఉండాలి.